కత్తెర తెచ్చే రుతువు: మహారాష్ట్ర వైన్ నేల, దాని లెక్కలు

సహ్యాద్రి కొండల మీదున్న ఇగత్‌పురిలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడి నుంచి ముంబై-ఆగ్రా రోడ్డు మీద గంట ప్రయాణం చేసి నాసిక్ చేరేసరికి అది 700కు అటూఇటూగా తగ్గిపోతుంది. ఇంకో గంట తూర్పుగా పోయి సిన్నర్, యేవలా వైపు దిగితే 500 మిల్లీమీటర్లే గగనం. అంటే రెండు గంటల కారు ప్రయాణంలో కుండపోత నుంచి అనంతపురం వానలోకి వచ్చేస్తాం. మన దేశపు వైన్‌లో సింహభాగం ఈ ఏటవాలు మధ్యలో తయారవుతోంది.

మేఘాలు కొండలకు పడమటి వైపే ఖాళీ అవుతాయి. తూర్పు వైపుకు నీళ్లు మాత్రం నదులుగా వస్తాయి. రాజమండ్రిలో మనం చూసే గోదావరి పుట్టింది నాసిక్ పక్కన త్ర్యంబకేశ్వర్ కొండలోనే. అది నాసిక్ చేరకముందే గంగాపూర్ దగ్గర 1965లో పూర్తయిన మట్టికట్ట ఆనకట్ట దాన్ని ఆపుతుంది. ఆ జలాశయం చుట్టూ ఉన్న వాలుల మీదే ఇవాళ పేరున్న వైన్ తోటలు కొన్ని ఉన్నాయి. ద్రాక్షకు కావలసింది సరిగ్గా ఈ జోడీయే: కాయ ఎదిగే నాలుగు నెలలు పైన పొడి ఆకాశం ఉండాలి, కింద డ్రిప్ గొట్టంలో నీళ్లు ఉండాలి. ఆకు తడవకుండా వేరు తడిస్తే ద్రాక్ష బతుకుతుంది. ఆకు తడిస్తే మాత్రం బూజు తెగులు వచ్చి కూర్చుంటుంది.

నేల విషయానికొస్తే మహారాష్ట్ర వైపు దక్కను పీఠభూమి చాలావరకు లావా గడ్డకట్టిన నల్లరాయి. ఆ రాయి చివికి లోతట్టు ప్రాంతాల్లో నల్లరేగడి అయింది, వాలుల మీద మొరంగా మిగిలింది. నిఫాడ్ తాలూకాలో గోదావరి, కాద్వా నదుల ఒడ్డు రేగడి చాలా బలమైనది. తినే ద్రాక్షకు, ఉల్లికి, చెరకుకు అది బంగారం. వైన్ ద్రాక్షకు ఆ బలమే అడ్డు. తీగ ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది, గుత్తి నీడలో పడి రంగూ వాసనా లేకుండా మిగులుతుంది. అందుకని వైన్ కోసం నాటేవాళ్లు దిండోరి, త్ర్యంబక్ దారుల్లో నీరు నిలవని మొరం వాలులను ఏరుకుంటారు. నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉండటం వల్ల చలికాలపు రాత్రులు చల్లబడతాయి. ఆ ఎత్తే లేకపోతే 20 డిగ్రీల అక్షాంశం దగ్గర వైన్ ద్రాక్ష ఆలోచనే వచ్చేది కాదు.

రెండు కత్తిరింపులు, ఒక పంట

ఫ్రాన్స్‌లోనో ఇటలీలోనో ద్రాక్షతీగ చలికి ఆకులన్నీ రాల్చి నాలుగైదు నెలలు పడుకుంటుంది. వసంతంలో దానంతటదే లేస్తుంది. మహారాష్ట్రలో తీగకు ఆ నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడవునా పచ్చగా సాగుతూ, కొసన ఉన్న ఒకటి రెండు మొగ్గలే చిగురిస్తూ, ఎప్పుడు పడితే అప్పుడు నాలుగు గుత్తులు వేస్తుంది. కాబట్టి ఇక్కడ రుతువును రైతు కత్తెరతో తెచ్చిపెట్టాలి. అదీ ఏడాదికి రెండుసార్లు.

మొదటిది ఏప్రిల్‌లో. మరాఠీ రైతులు దీన్ని ఖరడ్ ఛాటణీ అంటారు. కోత ముగిసిన తోటలో ప్రతి కొమ్మనూ ఒక్క కణుపు మిగిల్చి నరికేస్తారు. వేసవి ఎండలో వచ్చే కొత్త రెమ్మలు కాయడానికి కావు, రాబోయే పంటను కడుపులో దాచుకోవడానికి. కత్తిరించిన 40 నుంచి 60 రోజుల మధ్య ఆ రెమ్మల కణుపుల్లో ఒక్కో మొగ్గ తాను ఆకు కొమ్మవ్వాలా, గుత్తి వేయాలా అన్నది తేల్చుకుంటుంది. ఆ రోజుల్లో మొగ్గ మీద నేరుగా ఎండ పడాలి, నత్రజని తక్కువ ఇవ్వాలి, నీరు కాస్త బిగబట్టాలి. రెమ్మలు కిక్కిరిసి ఉంటే చదరపు అడుగుకు ఇన్ని అని లెక్కపెట్టి పలచన చేయాలి. అక్టోబరులో గుత్తులు రాలేదని తలపట్టుకునే రైతు తప్పును అక్టోబరులో వెతికితే దొరకదు. అది మే నెలాఖరులో జరిగిపోయింది.

ఇక్కడే వాతావరణం కొత్తగా దెబ్బ కొడుతోంది. 2025లో రుతుపవనాలు మే 26 నాటికే ముంబై చేరాయి, అంతకు ముందు నుంచే రాష్ట్రమంతా ముసురు. ఏప్రిల్ మొదట్లో కత్తిరించిన తోటకు 40 నుంచి 60 రోజుల గడువు సరిగ్గా ఆ మబ్బుల కిందే పడింది. మొగ్గకు ఎండ తగలకపోతే గుత్తిగా మారాల్సినది వట్టి నులితీగ అయిపోతుంది. దీనికి తర్వాత కొట్టే మందంటూ ఏదీ లేదు.

రెండో కత్తిరింపు సెప్టెంబరు, అక్టోబరుల్లో. దీని పేరు గోడీ బహార్, తీపి పూత. వేసవిలో ముదిరిన కొమ్మల మీద రకాన్ని బట్టి 2 నుంచి 5 మొగ్గలుంచి మిగతాది తీసేస్తారు. తినే థామ్సన్ రకంలో పండే మొగ్గ కొమ్మ మధ్యలో ఉంటుంది గనక 8, 10 మొగ్గల దాకా పొడుగ్గా వదలాలి. మొగ్గలన్నీ ఒక్కసారే లేవడానికి కత్తిరించిన ఒకటి రెండు రోజుల్లోపే హైడ్రోజన్ సయనమైడ్ ద్రావణం అద్దుతారు. లీటరు నీటికి 30 నుంచి 40 మిల్లీలీటర్లు. ఎండ ఎక్కువున్న రోజుల్లో తక్కువ మోతాదు, చల్లగా ఉంటే ఎక్కువ. గుడ్డనో స్పాంజినో ముంచి మొగ్గ మొగ్గకూ పూసే పని ఇది. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఇంకో జాగ్రత్త ఉంది, దాన్ని చెప్పకుండా ఎవర్నీ ఈ పనికి పంపకూడదు: ఈ మందు తాకినవాళ్లు ఆ రోజూ, తర్వాత కొన్ని రోజులూ మద్యం ముట్టకూడదు. ఒంట్లో ఆల్కహాల్ విరిగే దారిని ఇది మధ్యలో ఆపేస్తుంది. ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది. ఈ పనులకు ఎక్కువగా వచ్చేది పేఠ్, సుర్గాణా కొండ తాలూకాల ఆదివాసీ కుటుంబాలు. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుని జట్లు జట్లుగా దిగుతారు. డబ్బా మీది హెచ్చరిక చదివి చెప్పే బాధ్యత తోట యజమానిదే.

ఈ రెండు కత్తిరింపులు, ఒక పంట పద్ధతి తెలుగు రైతుకు కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దం చివర హైదరాబాద్‌కు చేరి ఇక్కడే పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహీ పందిళ్లను నగరం చుట్టూ ఇలాగే వేసవిలో ఒకసారి, చలికాలం ముందు ఒకసారి కత్తిరించేవాళ్లు. ఆ పందిళ్లు చాలావరకు ఇళ్ల స్థలాలైపోయాయి. బెంగళూరు పక్క నంది కొండల దగ్గర, తమిళనాడు కంబం లోయలో పద్ధతి వేరు, అక్కడ రెండు కత్తిరింపులకూ పంట తీస్తారు.

తేదీ మీద పందెం

కత్తిరించే తేదీ ఏదన్న ఒక్క నిర్ణయం మీద ఏడాది ఫలితం ఆధారపడుతుంది. సెప్టెంబరు మొదట్లో కత్తిరిస్తే జనవరిలో కోత, చల్లటి రాత్రుల్లో పండిన కాయ, మంచి పులుపు. అయితే 15, 20 రోజుల లేత చిగురు మీద వెనుదిరిగే రుతుపవనాల వాన పడే అవకాశం చాలా ఎక్కువ. అక్టోబరు నెలాఖరు దాకా ఆగితే ఆ వాన తప్పుతుంది, కాయ మాత్రం మార్చి ఎండల్లో పండుతుంది.

బూజు తెగులు ఎలా మొదలవుతుందో ఒక్క ఆకును పట్టుకుని చూస్తే చాలు. ముందు పైవైపు నూనె చుక్క పడినట్టు లేత పసుపు మచ్చ. పొద్దున్నే మంచు ఆరకముందు ఆ ఆకును తిరగేస్తే మచ్చకు సరిగ్గా అడుగున తెల్లటి దూదిలాంటి బూజు. అది అక్కడ కనిపించిందంటే దగ్గర్లోని పూత గుత్తికీ చేరిందనే అర్థం. గుత్తి కాడ వంకర తిరిగి, గోధుమరంగుకు మారి, రెండు మూడు రోజుల్లో ఎండిపోతుంది. ఆకు పోతే మళ్లీ వస్తుంది, గుత్తి పోతే ఆ ఏటికి అంతే. అందుకే వాన వస్తుందంటే వాన ముందే పిచికారీ చేయాలి. పడ్డాక ట్రాక్టరు తోటలోకి దిగదు, నల్లరేగడిలో అయితే రెండు మూడు రోజులు దిగదు. మొరం నేలకు ఉన్న ఇంకో మేలు ఇది: వాన వెలిసిన పూటే సాళ్లలోకి ట్రాక్టరు పోతుంది.

డిసెంబరు, జనవరిల్లో సమస్య తిరగబడుతుంది. నిఫాడ్‌లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగుతుంది. పగలు 28 దాకా ఎక్కి రాత్రికి అంత పడితే నీరు నిండుకుంటున్న కాయ తొక్క చిట్లుతుంది. తెల్లవారుజామున సాళ్ల చివర చెత్త, కట్టెలు రాజేసి పొగ పెట్టడం, చలి పెరిగే వేళకు డ్రిప్ వదిలి నేలను కాస్త వెచ్చగా ఉంచడం ఆ ప్రాంతంలో ప్రతి రైతూ చేసే పనులే. తినే ద్రాక్షకు చిట్లు అంటే చేతికొచ్చిన పంట పోయినట్టే. వైన్ కాయ చిన్నది, తొక్క మందం. నష్టం కొంత తక్కువ. గుత్తి మరీ బిగుతుగా ఉండే షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ రకంలో మాత్రం ఒక్క కాయ చిట్లితే కారిన రసానికి పక్క కాయలన్నీ కుళ్లుతాయి.

యూరప్‌లో ద్రాక్ష వేసవిలో ఎదిగి శరదృతువు చల్లదనంలోకి జారుతూ పండుతుంది. నాసిక్‌లో కాయ చలిలో ఎదిగి ఎండాకాలంలోకి ఎక్కుతూ పండుతుంది. రోజులు గడిచేకొద్దీ అక్కడ పక్వం నెమ్మదిస్తుంది, ఇక్కడ పరిగెడుతుంది. తీపి చకచకా పెరుగుతూ, పులుపు అంతే వేగంగా కాలిపోతుంటుంది. ఫిబ్రవరి రెండో పక్షంలో రెండు రోజులు ఆలస్యమైతే ఆ బ్యాచ్ స్వభావమే మారిపోతుంది. అందుకే కోత నెలలో తోట మనిషి రోజూ తెల్లవారకముందే సాలుకు కొన్ని కాయల చొప్పున ఏరి, నలిపి, ఒక చుక్క తీపి కొలిచే రిఫ్రాక్టోమీటరు అద్దం మీద వేసి చూస్తాడు. తెల్ల వైన్‌కు 20 నుంచి 22 బ్రిక్స్ (రసంలో తీపి శాతం), ఎర్ర వైన్‌కు 22 నుంచి 24. బ్రిక్స్ అంకెను 0.55తోనో 0.6తోనో గుణిస్తే వచ్చేది రాబోయే ఆల్కహాల్ శాతం. 23 దగ్గర కోస్తే 13 దరిదాపుల్లో ఉంటుంది. తీపితో పాటు పీహెచ్, అంటే పులుపు తగ్గేకొద్దీ పెరిగే అంకె, కూడా చూడకపోతే మోసపోతాం. బ్రిక్స్ ఇంకా 21 దగ్గరే ఉండి పీహెచ్ 3.7 దాటిన తోటలు ఇక్కడ ఉంటాయి.

దానికి సగం కారణం ఎండ, మిగతా సగం అలవాటు. తినే ద్రాక్ష పండించిన చేయి కాయ బరువు కోసం పొటాష్ ఎక్కువ వేస్తుంది. ఆ పొటాషియం రసంలోకి వచ్చి టార్టారిక్ ఆమ్లాన్ని గడ్డకట్టించి కిందికి దించేస్తుంది, పీహెచ్ పైకి పోతుంది. అలాగే కాయ సాగడానికి ముంచే జిబ్బరెల్లిక్ ఆమ్లం వైన్ తోటలో అడుగు పెట్టకూడదు. రంగు, వాసన, ఒగరు అన్నీ తొక్కలోనే ఉంటాయి. కాయ పెద్దదైతే రసం పెరుగుతుంది, ఆ పాళ్లలో తొక్క పెరగదు. బూడిద తెగులుకు కొట్టే గంధకం కోతకు నెల ముందే ఆపాలి. కాయ మీద మిగిలితే పులిసేటప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. నాసిక్ జిల్లాలో వైన్ ద్రాక్షకు మారిన రైతు కొత్తగా నేర్చుకున్నదాని కన్నా మరిచిపోవాల్సి వచ్చిందే ఎక్కువ.

పిండే చోట

కోత రాత్రి చివర మొదలై ఎండ ఎక్కకముందు ముగియాలి. గుత్తులు 20 కిలోలు పట్టే ప్లాస్టిక్ క్రేట్లలో వస్తాయి. అంతకన్నా లోతైన పెట్టెలో పోస్తే అడుగు కాయలు నలిగి దారిలోనే పులవడం మొదలవుతుంది. తెల్ల వైన్‌కు కాడలు తీసి, పిండి, రసాన్ని చల్లబరిచి ఒక రోజు మడ్డి దిగనిచ్చి, 12 నుంచి 16 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు పులియబెడతారు. ఎర్ర వైన్ తొక్కతో సహా 24 నుంచి 28 డిగ్రీల దగ్గర పులుస్తుంది. పైకి తేలే తొక్కల గట్టును రోజుకు రెండు మూడుసార్లు రసంతో తడపాలి. ఫిబ్రవరి మధ్యాహ్నం బయట 33 డిగ్రీలున్నప్పుడు ట్యాంకు లోపల 14 నిలపాలంటే చల్లబరిచే యంత్రం (చిల్లర్) ఆగకూడదు. ఇక్కడి వైనరీలో తోట తర్వాత పెద్ద ఖర్చు చల్లదనమే. కరెంటు పోయి ట్యాంకు 35 దాటిందంటే ఈస్ట్ చచ్చి పులియడం సగంలో ఆగిపోతుంది. మిగిలిన తీపిని బాక్టీరియా అందుకుని వెనిగర్ వైపు లాగుతుంది.

పులుపు తగ్గిన రసానికి లీటరుకు ఒకటి రెండు గ్రాముల టార్టారిక్ ఆమ్లం కలపడం మామూలే. పులియక ముందే కలిపితే అది రుచిలో ఇమిడిపోతుంది, చివర్లో కలిపితే నాలుకకు వేరుగా తెలుస్తుంది. పీహెచ్ ఎందుకంత ముఖ్యమో, వైన్ చెడకుండా కలిపే సల్ఫర్ డయాక్సైడ్ లెక్క చెబుతుంది. సూక్ష్మజీవులను ఆపడానికి కావలసిన అదే బలం రావాలంటే పీహెచ్ 3.2 దగ్గర 21 పీపీఎం (పది లక్షల్లో 21 పాళ్లు) చాలు. 3.6 దగ్గర 50 కావాలి. 3.8 దగ్గర దాదాపు 80. అంటే తోటలో పీహెచ్‌ను 3.2 నుంచి 3.8 దాకా పోనిస్తే సీసాలో దాదాపు నాలుగింతల రసాయనం అవుతుంది.

టన్ను ద్రాక్ష నుంచి 600 నుంచి 700 లీటర్ల వైన్ వస్తుంది. 750 మిల్లీలీటర్ల సీసాకు కిలోకు కొంచెం పైన కాయ. వైన్ తోట ఎకరానికి నాలుగైదు టన్నులిస్తే నాణ్యత నిలుస్తుంది, అంటే ఎకరానికి 3,200 నుంచి 4,600 దాకా సీసాలు. ఈ లెక్క పట్టుకుంటే ఒక విషయం బయటపడుతుంది. దుకాణంలో వందల రూపాయలు పలికే సీసాలో రైతుకు అందేది ఒక కిలో కాయ ధరే. మిగతాదంతా గాజు, మూత, లేబుల్, చల్లదనం, వడ్డీ, పన్ను, డీలరు వాటా. వడ్డీని తక్కువగా చూడకూడదు. మొలాసిస్‌తో నడిచే డిస్టిలరీ ఏడాదంతా తిరుగుతుంది, ఇవాళ చేసింది వచ్చే నెల అమ్ముడుపోతుంది. వైనరీ జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలల్లో ఏడాది కాయంతా కొని డబ్బు కట్టాలి, తర్వాత ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా అమ్మాలి. ఓక్ పీపాలో పెట్టిన ఎర్ర వైన్ అయితే ఇంకో ఏడాది డబ్బు పీపాలోనే ఉంటుంది. ట్యాంకులు తొమ్మిది నెలలు పెద్దగా పని లేకుండా నిలబడతాయి. అందుకే ఒప్పంద రైతులకు కత్తిరింపు తేదీని వైనరీయే విడతలుగా కేటాయిస్తుంది. అందరూ ఒకే వారం కోస్తే ట్యాంకు చాలదు.

పన్ను గీసిన పటం

సులా వైన్ సంస్థ స్థాపకుడు రాజీవ్ సామంత్ అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చి గంగాపూర్ జలాశయం దగ్గర సొంత భూమిలో 1997లో సావిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ నాటేనాటికి నాసిక్ అంతా తినే ద్రాక్షే. పుణె జిల్లా నారాయణగావ్‌లో శాతో ఇండాజ్ అనే సంస్థ అప్పటికే పదేళ్లకు పైగా వైన్ చేస్తోంది. నిజమైన ఊపు మాత్రం 2001లో వచ్చింది. ఆ ఏడాది మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి, రాష్ట్రంలోని ద్రాక్షతో రాష్ట్రంలోనే చేసే వైన్‌కు ఎక్సైజ్ సుంకం ఎత్తేసింది. నాసిక్ జిల్లా వించూర్‌లో, సాంగ్లీ జిల్లా పలూస్‌లో వైన్ పార్కులు పెట్టింది. బయటి రాష్ట్రాల వైన్ మీద మాత్రం భారీ సుంకం ఉంచింది.

మద్యం మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని అంశం. అందువల్ల వైన్‌కు సంబంధించి ప్రతి రాష్ట్రమూ ఒక పరాయి దేశమే. లేబుల్ నమోదు రుసుము వేరు, పర్మిట్ వేరు, సుంకం వేరు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో టోకు కొనుగోలుదారు ఒక్కటే, ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్. ఒక చిన్న వైనరీ ఏడాదికి కొన్ని వందల పెట్టెలు అమ్మడానికి హైదరాబాద్ రావాలంటే రుసుములే లాభాన్ని మింగేస్తాయి. మన ఊళ్లలో బోర్డు మీద వైన్స్ అని రాసున్న దుకాణంలో విస్కీ, బ్రాందీ, బీరు వరసల మధ్య వైన్ ఒక మూల అరలోనే ఉండటానికి రుచుల తేడాతో పాటు ఈ లెక్కా ఒక కారణం. కర్ణాటకలో పుట్టిన గ్రోవర్ సంస్థ 2012లో నాసిక్‌లోని వాలే ద వాన్‌తో కలిసి గ్రోవర్ జంపా అవడంలోనూ సుంకం గోడకు అవతల ఒక కాలు, ఇవతల ఒక కాలు పెట్టే అవసరం కనిపిస్తుంది.

జీఎస్‌టీ 2017లో వచ్చినప్పుడు మద్యం దాని బయటే ఉండిపోయింది. వైనరీ కొనే గాజు సీసా, యంత్రం, అట్టపెట్టె అన్నిటి మీదా జీఎస్‌టీ కడుతుంది. అమ్మే సరుకు మీద జీఎస్‌టీ లేదు గనక కట్టినది తిరిగి సర్దుబాటు కాదు, ఖర్చులో కలిసిపోతుంది. మహారాష్ట్ర వైన్ మీద వ్యాట్ 20 శాతం; ఆ 20లో 16 పాళ్ల వరకు తిరిగిచ్చే ప్రోత్సాహక పథకం 2009 నుంచి ఉంది. ఈ పరిశ్రమ లాభనష్టాల పట్టికను ఆ 16 శాతం ఎంతగా నిలబెడుతోందంటే, తిరిగి రావాల్సిన సొమ్ము ఒక ఏడాది ఆలస్యమైతే కాయ కొనే డబ్బుకు కటకట వస్తుంది. విధానం ఉండటం ఒకటి, డబ్బు వేళకు చేతికి రావడం ఇంకొకటి. ఇక్కడి రాయితీ లెక్కల్లో రైతుకు తగిలే దెబ్బ ఎప్పుడూ ఆ రెంటి మధ్య దూరంలోనే ఉంటుంది.

ఆ దెబ్బ ఎంత గట్టిదో 2008-09 చూపించింది. రాయితీ చూసి వైనరీలు పదుల్లో పుట్టుకొచ్చాయి. ఒప్పంద కాగితాలు చూసి రైతులు వేల ఎకరాలు నాటారు. తీగ మూడో ఏటికి గానీ సరైన కాపుకు రాదు. 2005లో నాటిన తోట పండేసరికి ప్రపంచ మాంద్యం, 2008 నవంబరు 26 ముంబై దాడులు, ఖాళీ హోటళ్లు. వైన్ తాగేది ముంబై, గోవా, ఢిల్లీ, బెంగళూరు. అందులో పెద్ద వాటా హోటళ్లది, పర్యాటకులది. ట్యాంకుల్లో పాత వైన్ ఉండగానే కొత్త కాయ వచ్చి పడింది. కొన్నవాళ్లు డబ్బివ్వలేకపోయారు, కొనాల్సినవాళ్లు కొనలేదు. శాతో ఇండాజ్ అప్పుల్లో కూరుకుపోయి కొన్నాళ్లకు మూతపడింది. కాబెర్నే, షిరాజ్ అనే ఎర్ర వైన్ రకాల తీగలను మొదలంటా కోసి అదే వేరుకు మళ్లీ థామ్సన్ అంటు కట్టిన తోటలు ఎన్నో.

నిలబడినవాళ్లు వైన్‌తో పాటు తోటను కూడా అమ్మడం నేర్చుకున్నారు. ముంబైకి నాలుగు గంటల దూరంలో ఉండటం నాసిక్‌కు దొరికిన వరం. రుచి చూసే గది, రెస్టారెంటు, జలాశయం ఎదురుగా గదులు, కోతల సమయంలో ఉత్సవం. తోట దగ్గరే అమ్ముడైన సీసాకు డీలరు వాటా, రవాణా ఉండవు. సులా సంస్థ 2022 డిసెంబరులో షేర్ మార్కెట్‌కు వచ్చినప్పుడు వైన్ పర్యాటకాన్ని తన వ్యాపారంలో విడి విభాగంగానే చూపింది. సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గరి ఫ్రాటెల్లీ, దిండోరిలో మెరిసే వైన్ చేసే షాందోన్ కూడా అతిథులను తోటలోకి తెచ్చే దారే పట్టాయి. 2022 జనవరిలో వంద చదరపు మీటర్లకు మించిన సూపర్‌మార్కెట్లలో విడి అరలో వైన్ అమ్మొచ్చని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. తీవ్ర వ్యతిరేకత రావడంతో అది అమలుకు నోచుకోలేదు.

దిగుమతి వైపు నుంచి ఒత్తిడి మెల్లగా మొదలైంది. విదేశీ వైన్ మీద కస్టమ్స్ సుంకం 150 శాతం. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందం కింద సీసా 5 డాలర్లు దాటితే అది 100కు తగ్గింది, పదేళ్లలో 50కి దిగుతుంది. 15 డాలర్లు దాటితే 75కు తగ్గి 25కు దిగుతుంది. 5 డాలర్ల లోపు సీసాకు తగ్గింపు లేదు. కింది తరగతి మార్కెట్‌ను ఆ గీత కాపాడుతోంది. పై తరగతిలో, అంటే వైనరీకి అసలు లాభం వచ్చే చోట, నాసిక్ ఎర్ర వైన్ ఇక ఆస్ట్రేలియా బరోసా లోయ షిరాజ్ పక్కన నిలబడి పోటీ పడాల్సిందే. తెల్ల వైన్‌లో నాసిక్‌కు ఆ భయం తక్కువ. జనవరి చలిలో కోసిన సావిన్యోన్ బ్లాంక్ దాని ధరకు దీటుగా నిలుస్తుంది.

ఎదురు లెక్క

దేశంలో పండే ద్రాక్షలో మూడింట రెండు వంతులకు పైగా మహారాష్ట్రదే. అందులో వైన్‌కు పోయేది నూటికి రెండు మూడు పాళ్లకు మించదు. మిగతాదంతా తినడానికి, ఎగుమతికి, ఎండుద్రాక్షకు. వైన్ ద్రాక్ష ధరను నిర్ణయించేది వైన్ ఒక్కటే కాదు. పక్క చేనులో ఉన్న థామ్సన్, తాస్‌గావ్ ఎండుద్రాక్ష వేలం కూడా దాన్ని నిర్ణయిస్తాయి. సాంగ్లీ రైతుకు గిట్టుబాటు ధర రాకపోతే ఇంకో దారి ఉంది. లీటరు నీటికి 25 గ్రాముల పొటాషియం కార్బొనేట్, 15 మిల్లీలీటర్ల ఇథైల్ ఓలియేట్ కలిపి గుత్తులను రెండు నుంచి నాలుగు నిమిషాలు ముంచి నీడలో వలల మీద ఆరబెడతాడు. నాలుగు కిలోలకు ఒక కిలో ఎండుద్రాక్ష. కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర వచ్చినప్పుడు అమ్ముకుంటాడు. వైన్ కాయకు ఆ వెసులుబాటు లేదు. గింజ ఉంటుంది, కాయ చిన్నది, బజారులో తినేవాడు కొనడు. వైనరీ గేటు మూస్తే ఆ కాయ ఎక్కడికీ పోదు.

దానికి బదులు వైన్ తోటకు ఖర్చు తక్కువ. గుత్తులు పలచన చేసే కూలీ లేదు, జిబ్బరెల్లిక్ ముంచడం లేదు, ప్యాకింగ్ లేదు, ధర ముందే కాగితం మీద ఉంటుంది. తినే ద్రాక్ష ఎకరానికి పది పన్నెండు టన్నులిచ్చి మంచి ఏడాదిలో ఎన్నో రెట్లు సంపాదించిపెడుతుంది. ఫిబ్రవరిలో ఒక్క వడగళ్ల వాన పడితే, ఐరోపాకు పోయిన కంటెయినర్‌లో మందు అవశేషం పరిమితి దాటితే, ఆ రెట్లన్నీ అప్పుగా మారతాయి. 2010లో క్లోర్‌మెక్వాట్ అనే ఎదుగుదల నియంత్రణ మందు అవశేషాల వల్ల ఎగుమతి సరుకు ఆగిపోయిన సంగతి ఆ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి తెలివిగల రైతు ఒకటి రెండు ఎకరాలు వైన్‌కిచ్చి మిగతాది తినే ద్రాక్షకు ఉంచుతాడు. వైన్ అతనికి జీతంలాంటిది, థామ్సన్ వ్యాపారంలాంటిది.

ఈ రెంటి మధ్య మారడం ఎంత ఖరీదో అంటు కట్టే పని చూస్తే తెలుస్తుంది. తోటలన్నీ ఇప్పుడు డాగ్‌రిడ్జ్, 110ఆర్ వంటి వేరు మొక్కల మీదే ఉన్నాయి. 1990ల నుంచి నీటిలో ఉప్పు, కరువు రెండూ పెరగడంతో సొంత వేరు మీద తీగ నిలవలేదు. రకం మార్చాలంటే వేరును పీకక్కర్లేదు. తీగను నేలకు అడుగు ఎత్తున కోసి, కొత్తగా వచ్చిన చిగురును నిలబెట్టి, సెప్టెంబరు, అక్టోబరుల్లో గాలిలో తేమ ఉన్నప్పుడు కోరుకున్న రకం పుల్లను చీలిక అంటుగా దిగేసి గట్టిగా చుట్టాలి. పట్టినవాటిని పందిరికెక్కించి, అడ్డ కొమ్మలు కట్టి, మళ్లీ కాపుకు తేవడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఆదాయం సున్నా, ఖర్చు మామూలే. వైనరీ ఒప్పందం ఈ నష్టాన్ని ఎవరు భరిస్తారో రాసి ఉందా లేదా అన్నది సంతకం పెట్టే ముందు రైతు చూసుకోవాల్సిన మొదటి వాక్యం. బ్రిక్స్ తగ్గితే ఎంత కోత పడుతుంది, వైనరీ చెప్పిన తేదీకి కత్తిరించాక వాన దెబ్బ తగిలితే ఎవరిది, తూకం ఎక్కడ జరుగుతుంది, కోసిన ఎన్ని గంటల్లో లారీ రావాలి, డబ్బు ఎన్ని వాయిదాల్లో వస్తుంది అన్నవి ఆ తర్వాత చూడాలి.